పది వారాలైనా చెయ్యి పైకి లేవడం లేదు, ఆపరేషను ఫెయిలయినట్టేనా?

ఉత్తరం రాసిన పాఠకురాలికి 54 ఏళ్ళు. బడిలో టీచరు. కుడిచేతి వాటం, ఆపరేషను జరిగిందీ కుడి భుజానికే. చెయ్యి పైకెత్తే కండ తాలూకు టెండన్ (కండను ఎముకకు కలిపే గట్టి నార) రెండు సెంటీమీటర్ల మేర చిరిగిందని తేలడంతో, చిన్న గాట్లతో చేసే కీహోల్ పద్ధతిలో ఎముకలోకి రెండు యాంకర్లు (దారాలను పట్టి ఉంచే చిన్న మేకుల్లాంటివి) దింపి కుట్టారు. ఆరు వారాలు స్లింగ్‌లో ఉంచారు. ఇప్పటికి పది వారాలు. షుగరు, బీపీ ఉన్నాయి, రెండింటికీ మందులు వాడుతున్నారు. ఆవిడ మాటల్లోనే: "చెయ్యి భుజం ఎత్తు వరకే లేస్తోంది. జడ వేసుకోలేను, చెయ్యి వీపు వెనక్కి పోదు. పగలు ఫరవాలేదు గానీ రాత్రి రెండింటికి సలుపుతో మెలకువ వచ్చిందంటే ఇక నిద్ర లేదు. ఫిజియో దగ్గర చెయ్యి పట్టి లాగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఆ రోజంతా జబ్బ ముట్టుకోనివ్వదు. పోయిన వారం తడి దుప్పటి తీగ మీద ఆరేయబోతే కలుక్కుమంది. భయమేసి నాలుగు రోజులు వ్యాయామాలు మానేశాను. ఇంకా బిగుసుకుపోయింది. నాతో పనిచేసే ఆవిడకు ఇదే ఆపరేషను అయింది, ఆరు వారాలకే చెయ్యి పైకెత్తేసింది. డాక్టరుగారు రెండు నిమిషాలు చూసి 'అంతా బాగుంది' అంటారు. ఇంట్లోవాళ్ళు మొదట్లో బాగా చూశారు, ఇప్పుడు 'ఇంకా ఎన్నాళ్ళు' అంటున్నారు. నొప్పి ఓర్చుకుని చెయ్యాలా, మానేయాలా? మాత్రలు ఇన్నాళ్ళు వేసుకోవచ్చా? రెండు వారాల్లో సెలవు అయిపోతుంది, బడికి వెళ్ళగలనా?"

మీరు నాలుగైదు ప్రశ్నలు వేశారు గానీ అన్నిటి కిందా ఉన్న భయం ఒక్కటే: ఇంత నొప్పి ఉందంటే లోపల కుట్టు ఊడిపోయి ఉంటుందని. ముందు దాని సంగతి చూద్దాం.

యాంకర్లూ దారాలూ టెండన్‌ను ఎముకకు ఆనించి పట్టుకుంటాయి, అంతే. అతుక్కోవలసింది టెండనే. మొదటి వారం పది రోజులు వాపు. తర్వాత ఆరు వారాల వరకూ ఆ అతుకు దగ్గర లేత కణజాలం పెరుగుతుంది. అక్కడి నుంచి అది నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. మూడు నెలలు నిండేసరికి కూడా దానికి పూర్తి బలం రాదు. బరువుతో, రబ్బరు బ్యాండుతో చేసే వ్యాయామాలు చాలామంది సర్జన్లు 12 వారాల ముందు మొదలుపెట్టనివ్వకపోవడానికి కారణం ఇదే. చెయ్యి రోజువారీ పనులకు హాయిగా తిరగడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. బలం ఆ తర్వాత కూడా పెరుగుతూ ఉంటుంది. ఆ లెక్కన పది వారాలకు భుజం ఎత్తు వరకూ లేస్తోందంటే కాస్త నెమ్మదే, కానీ దారి తప్పినట్టు కాదు. వీపు వెనక్కి చెయ్యి పెట్టడమన్నది అన్నిటికన్నా ఆఖరున తిరిగొచ్చే కదలిక. కుట్టిన టెండన్ బాగా సాగేది ఆ భంగిమలోనే. దాన్ని ఇప్పుడు బలవంతంగా ప్రయత్నించకండి.

నొప్పికీ కుట్టుకూ సూటి లంకె లేదు. కుట్టు చక్కగా అతుక్కుంటున్నా కీలు చుట్టూ ఉన్న సంచి బిగుసుకుపోతే నొప్పి భరించలేనంత ఉండొచ్చు. కుట్టు కొంత ఊడినా పెద్దగా నొప్పి లేకుండా తిరిగేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి నొప్పి ఎంతుందన్నది చూసి కుట్టు సంగతి తేల్చలేం. తేల్చడానికి వేరే గుర్తులున్నాయి.

ఒకటి మీరే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకోండి. కుడి మోచేయి కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచండి. కుడిచేతిని పూర్తిగా వదులుగా వదిలేసి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా తలవైపు ఎత్తండి. ఎక్కడ ఆగింది? ఇప్పుడు కూర్చుని, అదే చేతిని దానంతట అది ఎంత లేస్తుందో చూడండి. రెండూ దాదాపు ఒకే చోట ఆగితే, అక్కడికి వచ్చేసరికి లోపల ఎవరో తాడు బిగించి కట్టినట్టు ఉంటే, అది బిగుతు. ఎడమచెయ్యి సాయంతో బాగా పైకి వెళ్ళి, సొంతంగా మాత్రం లేవకపోతే అది బలహీనత. పది వారాలకు కొంత బలహీనత అందరికీ ఉంటుంది. ఉన్న బలం కూడా రోజురోజుకూ తగ్గుతున్నట్టయితే అనుమానించాలి. మీరు రాసిన తీరు చూస్తే, నాలుగు రోజులు మానేసరికి ఇంకా పట్టేసిందంటే, బిగుతు పాలు ఎక్కువనిపిస్తోంది. షుగరున్నవాళ్ళలో భుజం కీలు సంచి బిగుసుకోవడం మామూలుగానే ఎక్కువ, ఆపరేషను తర్వాత మరీను. ఆపరేషను తర్వాత వచ్చే ఇలాంటి బిగుతు చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలోపు విడిపోతుంది.

ఇక దుప్పటి సంగతి. తడి దుప్పటి నాలుగు కిలోలుందనుకుందాం. చాచిన చెయ్యి చివర అది వేలాడుతుంటే భుజం దగ్గర టెండన్ మోయాల్సింది దానికి ఎన్నో రెట్లు. ఆ ఒక్క పనీ ఇంకో రెండు నెలలు వద్దు. కలుక్కుమన్నాక ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. ముందురోజు వరకూ చెయ్యగలిగిన పనులు, అంటే గ్లాసు నోటి దాకా తేవడం, పలక మీద రాయడం, చెయ్యి భుజం ఎత్తుకు లేపడం, రెండు మూడు రోజుల్లో మళ్ళీ చెయ్యగలిగితే కుట్టు తెగి ఉండే అవకాశం తక్కువ. బిగిసిన చోట ఒక పొర సాగినా అలాగే కలుక్కుమంటుంది. అలా కాక, ఆ రోజు నుంచీ చెయ్యి లేపబోతే బరువుగా జారిపోతున్నా, ఎడమచేత్తో పైకి పెట్టి వదిలితే నిలవకుండా పడిపోతున్నా ఇవాళే సర్జన్‌కు చూపించండి. అప్పుడు అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తే చాలావరకు తేలుతుంది. "ఎం.ఆర్.ఐ. తీసేస్తే పోలా" అనిపించడం సహజమే. కానీ ఆపరేషనైన కొన్ని నెలల వరకూ బాగా మానుతున్న టెండన్ కూడా ఎం.ఆర్.ఐ.లో మామూలుగా కనపడదు, లోహపు యాంకర్లుంటే నీడలు కూడా పడతాయి. ఊరికే మనశ్శాంతి కోసం తీయిస్తే ఆ రిపోర్టులో మాటలు చదివి ఉన్న శాంతి పోతుంది. బలం తగ్గిందన్న గుర్తు ఉంటే మాత్రం తీయించుకోవడానికి వెనకాడొద్దు. కుట్టు మళ్ళీ ఊడేవాటిలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే ఊడతాయి, వెనువెంటనే తెలిస్తే చెయ్యగలిగింది ఎక్కువ ఉంటుంది.

మీతో పనిచేసే ఆవిడతో పోల్చుకోకండి. ఆవిడకు జరిగింది మీ ఆపరేషనేనని ఎలా తెలుసు? భుజంలో పైన పొడుచుకొచ్చిన ఎముకను చెక్కి శుభ్రం చేయడమూ కీహోల్ ఆపరేషనే. కుట్టు లేదు కనక స్లింగ్ కొద్ది రోజులే, ఆరు వారాలకు చెయ్యి లేస్తే వింత లేదు. బయటికి కనపడే గాట్లు రెండింటికీ ఒకేలా ఉంటాయి. కుట్టే వేసినా చిరుగు ఎంత, టెండన్ నాణ్యత ఎలా ఉంది, షుగరుందా లేదా అన్నదాన్నిబట్టి నెలల తేడా వస్తుంది.

ఇప్పుడు ఫిజియో. ఓర్చుకోవాలా మానాలా అని అడిగారు. ఈ రెండింటికీ మధ్య చాలా చోటుంది. వ్యాయామం చేసేటప్పుడు సాగుతున్నట్టు నొప్పి రావడం ఒప్పుకోదగ్గదే. పదికి మూడు, నాలుగు మార్కుల దాకా ఫరవాలేదు. అది గంటలో సర్దుకుని, ఆ రాత్రి నిద్ర మామూలుగానే ఉంటే మోతాదు సరిపోయింది. రాత్రి సలుపు పెరిగినా, మర్నాడు పొద్దున చెయ్యి ముందురోజుకన్నా తక్కువ లేచినా మోతాదు మించింది. మీ విషయంలో రోజంతా జబ్బ ముట్టుకోనివ్వడం లేదంటే నిస్సందేహంగా మించుతోంది. ఇలా ఎందుకు చెడుతుందంటే, గట్టిగా లాగినప్పుడు చుట్టూ ఉన్న కండలన్నీ కీలును కాపాడటానికి బిగుసుకుంటాయి, లోపల వాపు పెరుగుతుంది, ఆ వాపు మళ్ళీ బిగుతును పెంచుతుంది. వారానికి మూడుసార్లు ఏడుస్తూ లాగించుకునేకన్నా రోజుకు నాలుగుసార్లు పదేసి నిమిషాలు మెల్లగా సాగదీయడం ఈ దశలో ఎక్కువ పని చేస్తుంది.

మీ ముందు మూడు దారులున్నాయి. అదే ఫిజియో దగ్గర కొనసాగుతూ ఆయనకు కచ్చితమైన వివరం చెప్పడం మొదటిది: "మీరు చేశాక నొప్పి ఇన్ని గంటలు ఉంటోంది, రాత్రి ఇన్నిసార్లు లేస్తున్నాను, మర్నాడు చెయ్యి ఇంతే లేస్తోంది." ఊరికే "నొప్పిగా ఉంది" అంటే "ఉంటుందమ్మా" అనేస్తారు. గంటల్లో చెబితే మోతాదు మారుస్తారు. మంచి ఫిజియో అయితే ఇక్కడితోనే దారికొస్తుంది. విన్నా మార్చకపోతే వేరేవాళ్ళ దగ్గరికి మారడం రెండోది. దీనికి సర్జన్ రాసిచ్చిన వ్యాయామ క్రమం మీ చేతిలో ఉండాలి, లేకపోతే కొత్తవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టి రెండు వారాలు పోతాయి, లేదా 12 వారాల తర్వాత చేయాల్సినవి ఇప్పుడే చేయిస్తారు. మూడోది ఇంట్లోనే చేసుకుంటూ రెండు వారాలకోసారి చూపించుకోవడం. ఇది హాయిగా ఉంటుంది గానీ, నొప్పికి జంకి రోజురోజుకూ తగ్గించేసుకునే స్వభావం ఉంటే బిగుతు ముదురుతుంది. మీరు భయంతో నాలుగు రోజులు మానేశారు కాబట్టి మూడో దారి ఒంటరిగా వద్దనే అంటాను.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మొదటి రెండు రోజులు పాత లెక్కలో సగమే చెయ్యండి. ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళు భుజం మీద పడనివ్వండి. తర్వాత ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, కుడిచెయ్యి బావిలో చేదలా వేలాడదీసి, నడుమును కదిపితే చెయ్యి దానంతట అది ఊగాలి, చేతిని మీరు ఊపకూడదు. ఒక నిమిషం చాలు. ఆ పైన బల్ల ముందు కూర్చుని, అరచేతి కింద చిన్న గుడ్డ పెట్టి, ఒళ్ళు ముందుకు వంచుతూ చేతిని బల్ల మీద జార్చండి. చివర ఐదు సెకన్లు ఆగి వెనక్కి, పదిసార్లు. బల్ల మీద వేలి కొస ఆగినచోట టేపు ముక్క అంటించి తేదీ వేయండి. వెల్లకిలా పడుకుని మోచేయి డొక్కకు ఆనించి, రెండు చేతులా కర్ర పట్టుకుని, ఎడమచేత్తో కుడి అరచేతిని బయటివైపుకు నెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. బిగుతు ముందు పట్టేది ఈ కదలికనే. 20 నుంచి 30 సెకన్లు నిలిపి ఐదుసార్లు. చేతిని సొంతంగా ఎత్తేటప్పుడు అద్దం ముందు నిలబడండి. కుడి భుజం చెవివైపు ఎగబాకడం మొదలైన చోటే ఆపాలి. అక్కడి నుంచి పైకి లేపుతున్నది మెడ కండలు, అందుకే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అయ్యాక పదిహేను నిమిషాలు ఐసు, గుడ్డలో చుట్టి. షుగరు వల్ల చర్మం స్పర్శ తగ్గి ఉండొచ్చు కనక మధ్యలో తీసి చర్మం రంగు చూస్తూ ఉండండి. ముందుభాగపు టెండన్‌ను గానీ, మోచేయి మడిచే కండ టెండన్‌ను గానీ కూడా కుట్టి ఉంటే వీటిలో కొన్నింటికి వేరే హద్దులుంటాయి. సర్జన్‌ను అడిగాకే చెయ్యండి.

రాత్రి రెండింటి సలుపుకు సగం కారణం పడక. వెల్లకిలా పడుకున్నప్పుడు మోచేయి మంచానికి తగిలేలా వెనక్కి జారుతుంది, భుజపు బంతి ముందుకు తోసుకొచ్చి కుట్టిన చోటు లాగుతుంది. మోచేయి కింద, జబ్బ పొడవునా మందంగా తువ్వాలు మడిచి పెట్టండి. సరిగ్గా పెట్టారో లేదో తెలియాలంటే తల కొద్దిగా ఎత్తి చూడండి, మీ మోచేయి మీకు కనపడాలి. వీపు వెనక దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్టు, 30 నుంచి 45 డిగ్రీల వాలులో పడుకుంటే ఇంకా మేలు. ఎడమపక్కకు తిరిగితే ఛాతీ ముందు పెద్ద దిండు పెట్టుకుని కుడిచేతిని దాని మీద వేయండి, ఆ దిండు లేకపోతే చెయ్యి ముందుకు పడి రాత్రంతా లాగుతుంది. నిద్రలేమి నొప్పిని పెంచుతుంది, నొప్పి నిద్రను చెడగొడుతుంది. నిద్రను బాగుచేసుకోవడం వైద్యంలో భాగమే.

మాత్రల విషయంలో మీకు భయం ఉండాల్సిన చోట లేదు, లేకపోయినా ఫరవాలేని చోట ఉంది. పారాసిటమాల్ కాలేయం బాగున్న పెద్దవాళ్ళకు 500 మిల్లీగ్రాములవి ఒకసారికి రెండు, ఆరేసి గంటల ఎడంతో, రోజు మొత్తం మీద నాలుగు గ్రాములు దాటకూడదు. బరువు 50 కిలోలలోపైనా, కాలేయ జబ్బున్నా ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో, కలగలుపు నొప్పి మాత్రల్లో కూడా అదే ఉంటుంది, అట్టమీద చదివి కలిపి లెక్క కట్టాలి. ఈ హద్దులో కొన్ని వారాలు వాడటం మామూలే. పడుకోవడానికి గంట ముందొకటి, వ్యాయామానికి ముప్పావుగంట ముందొకటి పడేలా వేళలు కుదుర్చుకుంటే నొప్పి ముదిరాక వెంటపడే పని తప్పుతుంది. జాగ్రత్త పడాల్సింది ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివాటి దగ్గర. అవి బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండు చేస్తాయి. పైగా కుట్టిన టెండన్ మానడానికి అడ్డని కొందరు సర్జన్లు వాటిని వద్దంటారు. మీకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి కనక డాక్టరు చెప్పకుండా సొంతంగా వాడొద్దు. ట్రమడాల్ రకం మాత్రలు ఇంకా వేసుకుంటూ ఉంటే మగత, మలబద్ధకం వస్తాయి. రాత్రి లేచినప్పుడు తూలి కుడిచెయ్యి ఆనించుకుని పడ్డారంటే చేసిందంతా పోతుంది. వాటిని ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించండి.

ఇవన్నీ నాలుగైదు వారాలు సవ్యంగా చేసినా బిగుతు వదలకపోతే, కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అనే మాట వస్తుంది. నొప్పి తగ్గి వ్యాయామం సాగడానికి అది బాగా అక్కరకొస్తుంది. కాకపోతే మరీ తొందరగా ఇస్తే మానుతున్న టెండన్‌కు మంచిది కాదు, అందుకే ఎప్పుడివ్వాలన్నది కుట్టేసిన సర్జనే నిర్ణయించాలి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు బాగా పెరుగుతుంది, ఇంట్లో చూసుకుంటూ ఉండాలి. కీహోల్‌తో బిగుతు విడదీయడం ఆ తర్వాతి మాట. మామూలుగా ఆరు నెలలు దాటినా ఏమాత్రం కదలిక పెరగనప్పుడే ఆలోచిస్తారు. ఇప్పుడు దాని గురించి బెంగపడక్కర్లేదు.

బడికి వెళ్ళగలరు. ఎలా వెళ్తారన్నదే తేల్చుకోవాలి. 12 వారాలకు పూర్తి పనిలో చేరి బోర్డు మీద తల ఎత్తులో రోజుకు ఐదు పీరియడ్లు రాస్తే మళ్ళీ వాపు వచ్చి వెనక్కి జారే అవకాశం ఎక్కువ. సెలవు నెల పొడిగిస్తే భుజానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. జీతం, సెలవుల లెక్క మీరే చూసుకోవాలి. పైగా ఇంట్లో ఉంటే ఇంటిపని తక్కువ చేస్తారన్న నమ్మకం నాకు లేదు, దుప్పటి ఆరేసింది సెలవులోనే కదా. షరతులతో చేరడం మధ్యే మార్గం: డాక్టరు చేత రాయించుకుని, రెండు నెలలు బోర్డు మీద ఛాతీ ఎత్తు దాటి రాయకుండా, బోర్డుకు దగ్గరగా నిలబడి మోచేయి ఒంటికి ఆనించి రాయడం, పుస్తకాల సంచి ఎడమ భుజానికి, దిద్దేటప్పుడు మోచేయి బల్ల మీద. బస్సులో నిలబడి కుడిచేత్తో పై కమ్మీ పట్టుకోవడం పూర్తిగా మానాలి. ఒక్క సడన్ బ్రేకు పది వారాల కష్టాన్ని లాగేస్తుంది. సొంతంగా బండి నడపడానికి డాక్టరు ఊ అనేదాకా ఆగండి.

"ఇంకా ఎన్నాళ్ళు" అన్న మాట మిమ్మల్ని ఎంత గుచ్చిందో ఉత్తరంలో తెలుస్తోంది. స్లింగ్ ఉన్నన్నాళ్ళూ జబ్బు అందరికీ కనపడింది. అది తీసేశాక మీరు బాగయిపోయినట్టే లెక్కేశారు. కావాలని అన్నమాట కాకపోవచ్చు. నిజానికి స్లింగ్ తీశాకే కుట్టుకు ముప్పు ఎక్కువ, ఎందుకంటే చెయ్యి వాడటం మొదలవుతుంది. వాళ్ళను కూర్చోబెట్టి తేదీలతో చెప్పండి: ఫలానా నెల వరకూ బరువు ఎత్తను, ఫలానా నెల వరకూ తలపైకి చెయ్యి పెట్టే పనులు మీవి. "సాయం చెయ్యండి" అనేకన్నా "బట్టలు ఆరేయడం, పై అరలో సామాను తీయడం మీది" అంటే పని జరుగుతుంది. నిద్రలేక, ఇతరుల మీద ఆధారపడి, ఈ దశలో దిగులు కమ్ముకోవడం చాలామందికి జరిగేదే. రెండు వారాలకు మించి దేనిమీదా మనసు పోకుండా, ఏడుపు ఆగకుండా ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. దానికీ వైద్యం ఉంది, తగ్గితే భుజం నొప్పీ తగ్గుతుంది.

ఆగకుండా వెళ్ళాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, గాటు దగ్గర ఎర్రదనం లేదా చీము, చెయ్యంతా వాచి మంటలు పుడుతూ రంగు మారడం, చెమట పట్టడం, వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, చెయ్యి ఉన్నట్టుండి లేవకపోవడం కనపడితే అదే రోజు చూపించాలి. పిక్క వాచి నొప్పి, ఊపిరాడకపోవడం, ఛాతీలో పోటు వస్తే అత్యవసర విభాగానికే.

ఈసారి సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ రెండు నిమిషాలను మీరే నడపండి. కాగితం మీద మూడు అంకెలు తీసుకెళ్ళండి: రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, బల్ల మీద టేపు గుర్తు వారానికి ఎంత జరిగింది, ఈ మూడు నెలల షుగరు సగటు ఎంత. ఆపరేషను నోట్సు కాపీ అడగండి. చిరుగు కొలత, టెండన్ నాణ్యత, ఏయే టెండన్లు కుట్టారు అన్నవి అందులో ఉంటాయి. ఆ తర్వాత "బాగుందా" అని అడగకండి. "నాది బిగుతా, బలహీనతా? బ్యాండు వ్యాయామాలు ఏ తేదీన మొదలుపెట్టాలి? ఆ తేదీకి ఎంత లేవకపోతే స్కాన్ తీస్తారు?" అని అడగండి. వచ్చిన జవాబులు అక్కడే ఆ కాగితం మీద రాసుకుని, మర్నాడు ఫిజియో చేతిలో పెట్టండి.